పండుగ కానుకగా నాణెము

నాణెమునకు చేతులు మారుటయే ధర్మము. అంగడిలో అది ఒక చేతి నుండి మరొక చేతికి పోవునపుడు, ఎవరిచ్చినది, ఎక్కడిది అని అడుగువారుండరు. సంవత్సరములో కొన్ని దినములు మాత్రము నాణెము తన నడకను నిలుపుకొని ఒకరి చేతిలో ఆగిపోవును. రంజాను పండుగనాడు ఈద్‌గాహ్ నుండి ఇంటికి వచ్చిన పెద్దలు పిల్లల అరచేతిలో ఈదీ పెట్టుదురు. భోగినాడు రేగుపండ్లతో చిల్లర డబ్బులు కలిపి పసిపిల్లల తలపై పోయుదురు. దసరాకు పనివారికి మామూలు ముట్టును. పెండ్లిలో బంధువులు చదివింపులు చదివింతురు. ఇట్లు వచ్చిన నాణెమును ఖర్చుపెట్టక దాచుకొనుటతోనే చాలామందికి నాణెముల సేకరణ ఆరంభమగును.

నాణెముల సేకరణ ధనవంతుల వినోదమని కొందరి అభిప్రాయము. కొనుగోలు చేసి కూర్చువారి విషయములో అది కొంతవరకు నిజము కావచ్చును. కాని కానుకగా వచ్చిన నాణెమునకు ధనముతో పని లేదు. దానికి కావలసినది శ్రద్ధ. నాణెమునకు రెండు ముఖములని అందరికి తెలుసు. కానుకగా వచ్చిన నాణెమునకు మూడవ ముఖమొకటి కలదు. ఎవరిచ్చినారు, ఎప్పుడిచ్చినారు, ఏ సందర్భమున ఇచ్చినారు అనునదే ఆ ముఖము. దానిని టంకసాల ముద్రింపదు. పుచ్చుకొన్నవారే వ్రాసి ఉంచుకొనవలెను. అట్లు వ్రాయనందున ఏమి పోవునో, వ్రాసినందున ఏమి నిలుచునో మన నంద్యాల, ఆళ్ళగడ్డ సీమల నుండియే నిదర్శనములు చూపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. నాణెములను కానుకగా ఇచ్చిన చక్రవర్తి

పర్వదినమున పాత నాణెములను కానుకగా ఇచ్చు ఆచారము రెండువేల సంవత్సరముల నాటిది. రోమను చరిత్రకారుడు స్యుటోనియస్ అగస్టస్ చక్రవర్తి జీవితమును వ్రాయుచు ఒక ముచ్చట చెప్పినాడు. డిసెంబరు నెలలో రోమనులు జరుపుకొను సాటర్నేలియా పండుగకు అగస్టస్ తన మిత్రులకు కానుకలు పంచెడివాడు. ఆ కానుకలలో ఒకప్పుడు వస్త్రములు, వెండి బంగారములు ఉండగా, మరొకప్పుడు రకరకముల ముద్రలు గల నాణెములు, పూర్వపు రాజుల నాణెములు, పరదేశముల నాణెములు ఉండెడివట. అంగడిలో చెల్లని పాత నాణెమును చక్రవర్తి కానుకగా ఇచ్చినాడనగా, దాని విలువ లోహములో లేదని, అది చెప్పు కథలో ఉన్నదని ఆనాటివారికి తెలిసియుండవలెను.

పండుగకు నాణెమిచ్చు అలవాటు ఏ ఒక్క జాతికో పరిమితము కాదు. ఇంగ్లండు దేశమున ఈస్టరుకు ముందు వచ్చు గురువారమునాడు రాజు వృద్ధులకు ప్రత్యేకముగా ముద్రించిన చిన్న వెండి నాణెములు పంచును. చైనీయులు నూతన సంవత్సరమునకు పిల్లలకు ఎర్రని సంచిలో డబ్బు పెట్టి ఇత్తురు. మలేషియా ముస్లింలు ఈద్ పండుగకు ఆకుపచ్చని సంచిలో పెట్టి ఇత్తురు. సంచి రంగు మారినను ఇచ్చు చేతి ఆప్యాయత ఒక్కటే.

2. నంద్యాల బంగారము: నాణెమున్నది, కథ లేదు

అగస్టస్ కాలము నుండి రోమను ఓడలు మన తీరములకు విస్తారముగా వచ్చినవి. మిరియములు, సన్నని వస్త్రములు, రత్నములు ఇటనుండి పోగా, వెండి బంగారు నాణెములు అటనుండి వచ్చినవి. ఏటేట అయిదు కోట్ల సెస్టర్సుల ధనము భారతదేశమునకు తరలిపోవుచున్నదని ప్లినీ అను రోమను పండితుడు వాపోయినాడు. ఆ ధనములో కొంత మన నేలలోనే నిద్రించినది. 1932 వ సంవత్సరమున నంద్యాల వద్ద క్రీస్తుశకము తొలి రెండు శతాబ్దుల చక్రవర్తుల రోమను బంగారు నాణెముల నిక్షేపము బయటపడినది. ఏ తీరమునకో చేరిన బంగారము నల్లమల అంచున ఉన్న మన ఊరి వరకు నడిచి వచ్చినదనగా, ఆనాటి వర్తకమార్గములు ఎంత లోతునకు చొచ్చుకొనివచ్చెనో ఊహింపవచ్చును.

ఆ నాణెములపై చక్రవర్తుల పేర్లున్నవి, బిరుదములున్నవి. కాబట్టి అవి ఏ దేశమువో, ఏ కాలమువో విద్వాంసులు నిర్ణయింపగలిగినారు. కాని వాటిని నంద్యాలకు తెచ్చినదెవరు? అది వర్తకుని లాభమా, పెండ్లికి ఇచ్చిన కానుకయా, దాచిన మనిషి ఏ భయమున దాచినాడు, ఎందుకు తిరిగి రాలేదు? ఈ ప్రశ్నలకు నాణెము సమాధానము చెప్పలేదు. దక్షిణాపథమున దొరికిన రోమను నాణెములలో కొన్నింటికి దారము గుచ్చుటకు రంధ్రములున్నవి. వాటిని ఆనాటి స్త్రీలు మెడలో ధరించిరని దీనివలన తెలియుచున్నది. మన కాసులపేరు ఈనాటి ఆభరణము కాదన్నమాట. అయినను ఆ మెడ ఎవరిది, ఆ కాసు ఎవరి కానుక అనునది ఎన్నటికిని తెలియదు. ఇచట లోహము నిలిచినది, కథ నశించినది.

3. అహోబిల శాసనము: కథ ఉన్నది, నాణెము లేదు

దీనికి సరిగా ఎదురైన నిదర్శనము ఆళ్ళగడ్డ సమీపమున అహోబిలములో ఉన్నది. శ్రీకృష్ణదేవరాయలు తూర్పు దండయాత్రలో ఉదయగిరిని, కొండవీటిని జయించిన పిదప 1515-16 ప్రాంతమున అహోబిలమును దర్శించినాడు. ఆ సందర్భమున ఆయన స్వామికి కంఠహారమును, వజ్రపు పతకమును, కెంపులు తాపిన కడియములను, బంగారు పళ్ళెమును, వేయి వరహాలను సమర్పించినట్లు అచటి శాసనము తెలుపుచున్నది. ఇది పండుగ కానుక కాదు, విజయయాత్రలో దైవమునకిచ్చిన కానుక. అయినను నాణెములను లెక్కించి, దాతను, సందర్భమును పేర్కొని, రాతిపై నిలిపిన కానుక యగుటచే మనకిది గొప్ప పాఠము.

విజయనగరపు వరహా సుమారు మూడు గ్రాముల నాలుగు వందల మిల్లీగ్రాముల బంగారము. వేయి వరహాలనగా సుమారు మూడు కిలోల నాలుగు వందల గ్రాములన్నమాట. వరాహమూర్తి ముద్ర వలన ఈ నాణెమునకు ఆ పేరు వచ్చినది. తరువాత రాజులు ముద్రలు మార్చినను పేరు మారలేదు. కృష్ణరాయల నాణెములలో కొన్నింటిపై ఒకవైపు బాలకృష్ణుని రూపము, రెండవవైపు నాగరి లిపిలో రాయల పేరు కనిపించును. అచ్యుతరాయల నాణెములపై గండభేరుండ పక్షి ఉండును. దీనిలో పదవ వంతు పణము. వరహానే ముస్లిం చరిత్రకారులు హున్ అని వ్రాసినారు. యూరోపియనులు పగోడా అన్నారు.

రాయలు సమర్పించిన ఆ వేయి వరహాలలో ఒక్కటైనను ఇది యని చూపుటకు వీలు లేదు. అవి ఖర్చయి, కరిగి, చేతులు మారి లోకములో కలిసిపోయినవి. కాని వ్రాత నిలిచినది కాబట్టి అయిదు వందల సంవత్సరముల తరువాత కూడ కానుక నిలిచియున్నది. నంద్యాలలో నాణెము దొరికి కథ పోయినది. ఆళ్ళగడ్డ చెంత కథ నిలిచి నాణెము పోయినది. ఒకదానికొకటి ఇంత సమీపమున ఉన్న ఈ రెండు నిదర్శనములను కలిపి చూచిన విద్యార్థికి తన కర్తవ్యము స్పష్టమగును. మన ఇండ్లలో పండుగనాడు నాణెమును, దాని కథ చెప్పగల మనిషిని ఒకే చోట చూడగలుగుచున్నాము. ఈ భాగ్యము పురాతత్త్వ పరిశోధకునికి సాధారణముగా లభించునది కాదు.

4. నిసారు, నజరు, ఈదీ

మొగలు చక్రవర్తులు వివాహములు, పట్టాభిషేకములు మొదలగు ఉత్సవములలో జనులపై వెదజల్లుటకు ప్రత్యేకముగా చిన్న నాణెములను ముద్రింపించిరి. వీటికి నిసారు అని పేరు. ఆ మాటకు అర్థమే వెదజల్లుట. జహంగీరు, షాజహాను కాలపు నిసారులు నేటికిని వస్తుప్రదర్శనశాలలలో ఉన్నవి. భోగినాడు పిల్లవాని తలపై రేగుపండ్లతో డబ్బులు పోయు తెలుగు తల్లికి నిసారు పేరు తెలియకపోవచ్చును. శుభకార్యమున నాణెమును వర్షము వలె కురిపించుటలో ఉన్న భావము మాత్రము రెండింటను ఒక్కటే.

నజరు దీనికి విరుద్ధమైనది. ఇచట కానుక క్రిందనుండి మీదికి పోవును. హైదరాబాదు నిజాము ఈద్ దర్బారులో అధికారులు, జాగీరుదారులు అష్రఫీలను, రూపాయలను చేతిరుమాలుపై ఉంచి సమర్పించెడివారు. నిసారులో పాలకుడు ప్రజలకిచ్చును. నజరులో కొలువువారు పాలకునికిత్తురు. ఈదీలో పెద్దలు పిల్లలకిత్తురు. ఈ మూడింటిలోను ఈదీకే రాజ్యములతో పని లేదు. కావుననే రాజ్యములు పోయినను అది నిలిచియున్నది.

5. మాటలలో దాగిన నాణెములు

తెలుగు అధ్యాపకునిగా నాకు ఒక సంగతి విశేషముగా తోచుచున్నది. చెలామణి నుండి తొలగిన నాణెము భాషలో చాలాకాలము చెలామణి యగుచుండును. మద్రాసు ప్రెసిడెన్సీలో 1818 లో వరహా స్థానమున రూపాయి వచ్చినది. అప్పటి లెక్క ప్రకారము వరహాకు మూడున్నర రూపాయలు. తరువాత తరములకు తరములు గడచినను దసరా పండుగకు అయ్యవారి వెంట ఇల్లిల్లు తిరిగిన పిల్లల పాటలో వరహా వినిపించుచునే ఉండినది. చిల్లిగవ్వ లేదు, దమ్మిడీకి కొరగాడు, పావలా వంతు అని నేటికిని అనుచున్నాము. గవ్వ, దమ్మిడీ, పావలా మూడును చెలామణిలో లేవు. పావలా, అంతకు తక్కువ విలువ గల నాణెములు 2011 జూన్ 30 తో చెల్లకుండ పోయినవి.

మరికొన్ని మాటలు సముద్రములు దాటి వచ్చినవి. రోమనుల వెండి నాణెము పేరు దెనారియస్. అదే సంస్కృతమున దీనారమైనది, అరబ్బీలో దీనార్ అయినది. ప్రౌఢదేవరాయల ఆస్థానమున కనకాభిషేకము పొందిన శ్రీనాథ మహాకవికి తెలిసిన దీనారమును, కువైటులో పనిచేయు మన ఊరి యువకుడు జీతముగా పుచ్చుకొను దీనారును ఒకే మాట. గ్రీకుల ద్రఖ్మా అరబ్బీలో దిర్హమ్ కాగా, మన దేశమున ద్రమ్మమైనది. ధర యను అర్థమున ఉర్దూలో వాడు దామ్ అను మాటకు మూలమిదియే.

చదివింపులలోని నూట పదహార్లను గూర్చి ఒక మాట. నిజాము రాజ్యపు హాలీ సిక్కా ఏడు రూపాయలు బ్రిటిషు రూపాయలు ఆరింటికి సమానముగా చెల్లెడివి. ఆ లెక్కన బ్రిటిషు వంద రూపాయలకు హాలీ నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు. నూట పదహారు అను లెక్క దీని వలననే పుట్టినదని చాలామంది చెప్పుదురు. మారకపు లెక్క నిజమే. ఆచారము దాని నుండియే పుట్టినదనుట మాత్రము జనశ్రుతి. వినుటకు ఇంపైన ప్రతి కథను చరిత్రగా స్వీకరింపరాదని విద్యార్థులు గ్రహింపవలెను.

6. సెలవుల తరువాత విద్యార్థులు చూపిన కానుకలు

పండుగ సెలవుల తరువాత తమకు కానుకగా వచ్చిన నాణెములను తరగతికి తెచ్చి చూపవలసినదిగా విద్యార్థులను కోరియుంటిని. కొత్త పది రూపాయల నాణెము నుండి కుంపిణీ కాలపు రాగి డబ్బు వరకు వచ్చినవి. వాటిలో కొన్నింటిని గూర్చి మాత్రము చెప్పెదను.

ఆళ్ళగడ్డ వైపు గ్రామము నుండి వచ్చు విద్యార్థినికి ఆమె జేజి 1943 నాటి చిల్లు పైసను ఇచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున లోహపు కరవు వలన ప్రభుత్వము 1943 నుండి 1947 వరకు నడుమ రంధ్రముతో ఈ పైసలను ముద్రించినది. ఆ రంధ్రములో దారము గుచ్చి నడుమునకు కట్టుకొని బడికి పోయెడిదాననని జేజి చెప్పినదట. యుద్ధము లోహమును ఎట్లు పొదుపు చేయించెనో పాఠ్యపుస్తకములో ఒక వాక్యముగా ఉండును. జేజి నడుము దారములో అది ఒక జీవితముగా ఉన్నది.

దుబాయి నుండి సెలవుపై వచ్చిన మామూ ఒక విద్యార్థికి ఈదీగా ఒక దిర్హమ్ నాణెమును ఇచ్చినాడు. దానిపై కాఫీ పోయు దల్లా అను పాత్ర ముద్రింపబడియున్నది. అతిథికి కాఫీ ఇచ్చుట అరబ్బుల మర్యాద. ఒక దేశము తన నాణెముపై రాజు తలకు బదులు ఆతిథ్యపు గుర్తును ఉంచుట ఆలోచింపదగినది. మరొకనికి సంఖ్యలో 786 గల పది రూపాయల నోటు వచ్చినది. బిస్మిల్లాహ్ వాక్యములోని అక్షరముల విలువలను అబ్జద్ లెక్కలో కూడినచో 786 వచ్చునని, అందుచే అట్టి నోట్లను ఖర్చుపెట్టక దాచుదురని ఆతడు తన తోటి హిందూ విద్యార్థులకు వివరించినాడు.

కుంపిణీవారి రాగి డబ్బు తరగతిలో అందరికి ఆసక్తి కలిగించినది. అది 1808 నాటి ఇరువది కాసుల నాణెము. ఒకవైపు కుంపిణీ చిహ్నము, రెండవవైపు పారసీక వాక్యము. ఉర్దూ మాధ్యమపు విద్యార్థి అక్షరములు కూడబలుకుకొని, బీస్త్ కాస్ చహార్ ఫలూస్ అస్త్ అని చదివినాడు. ఇరువది అనియు, నాలుగు ఫలూసులనియు అతనికి తెలిసినది. నడుమ ఉన్న కాస్ అను మాట మాత్రము ఏ నిఘంటువులో వెదకవలెనో తోచలేదు. ప్రక్కనున్న తెలుగు విద్యార్థిని, అది మన కాసే గదా అని వెంటనే అన్నది. ఇరువది కాసులు నాలుగు ఫలూసులకు సమానమని వాక్యార్థము. లిపి ఒకరికి తెలిసినది, మాట మరొకరికి తెలిసినది. రెండు సంవత్సరముల పాఠముల కంటె ఆ ఒక్క రాగి బిళ్ళ ఉర్దూ తెలుగుల సంబంధమును చక్కగా బోధించినది.

చివరి ఉదాహరణ కొంత బాధ కలిగించునది. ఇద్దరు విద్యార్థులు చార్మినారు ముద్ర గల హాలీ సిక్కా రూపాయలు తెచ్చినారు. మన ప్రాంతము ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. తుంగభద్రకు ఆవల నిజాము రాజ్యము. కావున హాలీ రూపాయి నంద్యాల ఇంటిలో ఉన్నదనగా అది నది దాటి వచ్చినదే. మొదటి విద్యార్థి కథ చెప్పగలిగినాడు. అతని దాదీ గద్వాల నుండి కోడలిగా వచ్చినపుడు పెద్దలు సలామీగా ఇచ్చిన రూపాయలలో అది ఒకటి. ప్రతి రంజానుకు ఒక మనుమనికి ఒకటి చొప్పున ఇచ్చుచు ఆమె ఇంకను కొన్నింటిని మూటగట్టి ఉంచినదట. రెండవ విద్యార్థి చేతిలో ఉన్నదియు అట్టి రూపాయియే. అది ఎట్లు వచ్చినదని అడుగగా, దాదీకి తెలుసు సార్, ఆమె రెండేండ్ల క్రిందట పోయినారు అని తల వంచుకొన్నాడు. అతని నాణెము నకిలీ కాదు, అరిగినదియు కాదు. తూచిన బరువు సమానమే. అయినను మూడవ ముఖము పోయినందున అది సగము నాణెముగా మిగిలినది.

7. కానుకను చదువు విధానము

నాణెము చేతికి రాగానే చేయవలసినది దాని అంచులు పట్టుకొని చూచుట. ముఖముపై వ్రేలు పెట్టినచో చెమటలోని ఉప్పు లోహమును తినును. తరువాత దానిపైనున్న బొమ్మను, అక్షరములను, అంకెలను ఉన్నది ఉన్నట్లుగా వ్రాసికొనవలెను.

సంవత్సరమును చదువుటలో జాగ్రత్త అవసరము. హిజ్రీ సంవత్సరమును క్రీస్తుశకమునకు మార్చుటకు సులభమైన లెక్క యిది: హిజ్రీ సంఖ్యను 0.97 తో హెచ్చించి 622 కలుపవలెను. 1337 హిజ్రీని ఇట్లు హెచ్చించి కూడినచో ఇంచుమించు 1919 వచ్చును. ఆ హిజ్రీ సంవత్సరము నిజమునకు 1918 అక్టోబరులో ఆరంభమైనది. చార్మినారు నాణెములపై నడిమి ద్వారములో ఒక అక్షరముండును. అది మీం అయినచో మహబూబ్ అలీఖాన్ కాలమునది, ఐన్ అయినచో ఉస్మాన్ అలీఖాన్ కాలమునది. టిప్పు సుల్తాను తన రాజ్యకాలము నడుమ మౌలూదీ అను కొత్త శకమును ప్రవేశపెట్టి, నాణెములపై అంకెలను కుడినుండి ఎడమకు వ్రాయించినాడు. అందుచే 1215 అనునది మన కంటికి 5121 వలె కనిపించును. గుత్తి టంకసాలకు ఆయన పెట్టిన పేరు ఫైజ్ హిసార్. ఆ పేరు గల రాగి నాణెముపై ఏనుగు బొమ్మ ఉండును.

బ్రిటిషు రూపాయలలోను మోసపోవు తావులున్నవి. విక్టోరియా రాణి రూపాయిపై 1862 అని ఉన్నంత మాత్రమున అది ఆ సంవత్సరమునదే అని చెప్పరాదు. 1874 వరకు అదే సంవత్సరముతో ముద్రించుచు చుక్కల గుర్తులతో తేడా చూపినారు. పాతదైనంత మాత్రమున అరుదైనదనియు అనుకొనరాదు. 1911 నాటి అయిదవ జార్జి రూపాయి అరుదగుటకు కారణము వయస్సు కాదు. రాజు అంగీపై చెక్కిన ఏనుగు తొండము పొట్టిగా ఉండి పంది వలె కనిపించుటచే ముస్లింలలో అసంతృప్తి కలిగినది. ప్రభుత్వము ఆ రూపాయలను ఉపసంహరించి, 1912 లో బొమ్మను సవరించినది.

స్వతంత్ర భారత నాణెములలో సంవత్సరము క్రింద ఉన్న గుర్తు టంకసాలను తెలుపును. నక్షత్రమున్నచో హైదరాబాదు, వజ్రాకారమున్నచో ముంబయి, చుక్క ఉన్నచో నోయిడా, ఏ గుర్తు లేనిచో కలకత్తా. చేతిలోని రూపాయి మన హైదరాబాదులోనే పుట్టినదో లేదో ఏ విద్యార్థియైనను ఈ నిమిషముననే చూచుకొనవచ్చును.

ఇవన్నియు నాణెము తానే చెప్పును. అది చెప్పలేనివి నాలుగు: ఇచ్చినవారి పేరు, ఇచ్చిన తేది, సందర్భము, వారికది ఎట్లు వచ్చినది. ఒక చిన్న కాగితపు సంచిపై ఈ నాలుగింటిని సిరాతో వ్రాసి నాణెమును అందులో ఉంచినచో పని పూర్తియగును.

8. చేయరాని పనులు

మొదటిది, తోముట. చింతపండుతోను, నిమ్మరసముతోను, ఇటుకపొడితోను తోమి తళతళలాడించుట మన ఇండ్లలో అలవాటు. కాలక్రమమున లోహముపై ఏర్పడిన పొర నాణెమునకు రక్షణ. తోమినకొలది అక్షరములు అరిగిపోవును. రెండవది, రంధ్రము చేయుట, కొక్కెము అతికించుట. మూడవది, కరిగించుట. 1835 చట్టము ప్రకారము ముద్రించిన వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో వెండి సుమారు 10.7 గ్రాములు. కంసాలి లెక్కకు వచ్చునది ఆ వెండి మాత్రమే. మూసలో పడిన మరుక్షణము సంవత్సరము, టంకసాల, దాదీ చేతి జ్ఞాపకము అన్నియు ఒకే ముద్దయగును. చెలామణిలో ఉన్న నాణెమును కరిగించుట 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము నేరము కూడ.

నాలుగవది, ప్రకటనలను నమ్ముట. పాత అయిదు రూపాయల నాణెమునకు లక్షలు వచ్చునని ఆశపెట్టి, ముందుగా రుసుము చెల్లింపుమని అడుగువారు పెరిగినారు. తన పేరు వాడుకొని ఇట్లు రుసుములు, కమీషనులు అడుగువారితో తనకెట్టి సంబంధము లేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. అయిదవది, నేలలో దొరికినదానిని దాచుట. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపము దొరికినవారు కలెక్టరునకు తెలుపవలెను. కానుక వేరు, నిక్షేపము వేరు. దున్నునపుడు దొరికిన నాణెములు గుట్టుగా కంసాలికి చేరినచో మరొక నంద్యాల నిక్షేపము లోకమునకు తెలియకయే పోవును.

9. ఒక విన్నపము

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపము మిక్కిలి చిన్నది. గ్రంథాలయములో ఒక గట్టి అట్ట గల రిజిస్టరును ఏర్పాటు చేయవలెను. ప్రతి సంవత్సరము రంజాను, సంక్రాంతి సెలవుల తరువాత ఒక దినమున విద్యార్థులు తమకు వచ్చిన కానుక నాణెములను తెచ్చి తోటివారికి చూపి, వివరములను ఆ రిజిస్టరులో తెలుగున గాని, ఉర్దూలో గాని వ్రాయవలెను. నాణెము ఎవరిది వారి యింటికే తిరిగి పోవలెను. కళాశాలకు కావలసినది వ్రాత మాత్రమే. నాణెములను కొనుటకు నిధులు, బీరువాలు, కావలివాండ్రు కావలెను. రిజిస్టరునకు కావలసినది ఒక కలము.

విద్యార్థులకు చెప్పునది మరింత చిన్నది. ఈసారి పండుగకు దాదీయో, నానీయో, అవ్వయో, తాతయో మీ చేతిలో నాణెము పెట్టినపుడు సలాము చేసి, నమస్కరించి, వారి చెంత ఒక ఘడియ కూర్చుండుడు. ఇది మీకెక్కడిది అని అడుగుడు. వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొనుడు. అహోబిలములో రాయల కానుకను వ్రాయుటకు శాసనపు రాయి కావలసివచ్చినది. మీకు నోటుపుస్తకములో ఒక పుట చాలును.